ఆ తొమ్మిదీ ఎక్కడ పోయాయి?

మా పల్నాడు జిల్లా శావల్యాపురంలో రోజూ సాయంత్రం ఏడు దాటాక ఇంటింటా దొంగతనం జరుగుతోంది. ఎవరూ స్టేషన్‌కు పోవడం లేదు. పోయినా కేసు రాసుకోరు, ఎందుకంటే దొంగ ఆ ఇంటి యజమానే. ఎత్తుకుపోయే సొత్తు తొమ్మిది. కూడికకు తొమ్మిది చొప్పున, పది కూడికల హోంవర్కుకు తొంభై. మండలమంతటికీ కలిపి ఎంతో తేల్చాలంటే మళ్లీ ఆ దొంగనే పిలిచి లెక్క కట్టించాలి.

జరిగే తీరు ఇదీ. రెండో తరగతి పిల్ల ముందు నోటుబుక్కు. 27 కింద 35, పక్కన కూడిక గుర్తు, కింద స్కేలుతో కొట్టిన గీత. ఎదురుగా నాన్న. ఆయన చేతిలో ఫోను, ఫోనులో క్రికెట్టు.

"ఏడూ అయిదూ ఎంతమ్మా?"

"పన్నెండు."

"రెండెయ్యి. చేతిలో ఒకటి."

అయిపోయింది. పన్నెండులోంచి రెండు కింద పెడితే మిగిలేది పది. ఆ పది నాన్న చేతిలోకి పోగానే ఒకటైంది. "ఒకటేంది నాన్నా, పది గదా?" అని అడిగే పిల్ల ప్రతి వీధిలోనూ ఒకతి ఉంటుంది. "ఒకటంటే ఒకటే, చెప్పింది రాయి" అనే నాన్న ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. వారం తిరిగేసరికి ఆ పిల్ల అడగడం మానేస్తుంది. పిల్లకు లెక్కలు వంటబట్టాయని మనం బంధువులందరికీ చెప్పుకుంటాం.

ఇప్పుడు ఈ నాన్ననే గుంటూరు మిర్చి యార్డుకు తోలుకుపోండి. కాటా మీద మిరపకాయల టిక్కీ, అంటే బస్తా, ఎక్కింది. సంచి బరువని, తేమని, తాలని ఎవరైనా ఓ కిలో తరుగు తీశారా, ఇక చూడండి. కమీషన్ కొట్టు గుమాస్తా తాత ముత్తాతలు సైతం స్వర్గంలో ఉలిక్కిపడి లేస్తారు. మచ్చు పేరు చెప్పి గుప్పెడు కాయలు ఎక్కువ తీసినా ఆయన కన్ను కనిపెడుతుంది. కిలో కోసం అంత రగడ చేసిన మనిషి, ఇంటికొచ్చి కన్నకూతురి ముందు కూర్చుని కూడికకు తొమ్మిది తరుగు తీస్తాడు. తీసినట్టు ఆయనకే తెలియదు. ఆయనకు వాళ్ల నాన్న తీశాడు, ఆ నాన్నకు బెత్తం పట్టుకున్న ఒక మాస్టారు తీశాడు. వంశపారంపర్యంగా వస్తున్న తరుగు ఇది. ఆస్తి పంపకాల్లో పొలం గట్లు చెరిగిపోయినా ఈ వాటా మాత్రం చెక్కుచెదరకుండా పిల్లలకు అందుతోంది.

నాన్నకు లెక్కలు రావని అంటే మాత్రం కళ్లు పోతాయి. కళ్లంలో మిరప రాశిని చూసి ఎన్ని టిక్కీలవుతాయో చెప్పగల మనిషి ఆయన. నాలుగు టిక్కీలు కాటా ఎక్కాయనుకోండి: 43, 41, 45, 38. కాగితం లేదు, పెన్ను లేదు, చేతిలో ఒకటీ లేదు. "నాలుగు నలభైలు నూట అరవై. పైన మూడు, ఒకటి, అయిదు, వెరసి తొమ్మిది. ఆఖరి దానికి రెండు తక్కువ. నూట అరవై ఏడు." గుమాస్తా క్యాలిక్యులేటర్ మీద వేలు పెట్టేలోపు అయిపోతుంది. ఇందులో ఆయన ఏం చేశాడో గమనించారా? ముందు పదులు పట్టుకున్నాడు. ఒకట్లు తర్వాత. ముప్పై ఎనిమిదిని నలభైకి రెండు తక్కువగా చూశాడు. ప్రపంచంలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పడం మీద జుట్టు నెరిసినవాళ్లు ఏ పద్ధతి నేర్పమని మొత్తుకుంటున్నారో ఆ పద్ధతే ఇది. ఆయన రోజూ చేస్తాడు. కూతురికి మాత్రం చెప్పడు. ఎందుకయ్యా అంటే, "అది మోటు లెక్క. వాళ్ల మిస్సు ఒప్పుకోదు."

మోటు లెక్కట! నూట అరవై ఏడు కిలోలకు రొఖ్ఖం తెచ్చిన లెక్క మోటుది. నలభై రూపాయల నోటుబుక్కులో గీతల మధ్య కూర్చున్న లెక్క నాజూకుది.

అసలు ఆ పిల్ల మొదటిరోజు ఏం రాసిందో చూడండి. ఎవరూ ఏమీ చెప్పకముందు 27, 35 కలిపి 512 అని రాసింది. నాన్న నవ్వాడు, అమ్మ తల పట్టుకుంది, బాబాయి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. హైదరాబాదులో ఉన్న మేనమామ ఏడ్చినంత నవ్వే బొమ్మలు నాలుగు పంపాడు. అందులో ఒక్కరైనా నిలబడి చదివారా ఆ అంకెల్ని? రెండూ మూడూ కలిపితే అయిదు. ఏడూ అయిదూ కలిపితే పన్నెండు. అయిదు పదులు, పన్నెండు ఒకట్లు. పిల్ల ఒక్క తప్పూ చెయ్యలేదు. ఒకట్ల గదిలో తొమ్మిది మందికే చోటుందనీ, పదోవాడు రాగానే అందరూ కట్టకట్టుకుని పక్క గదిలోకి పోవాలనీ దానికి ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. మనం చెప్పింది, చేతిలో ఒకటి.

ఇంకో చిన్న మాట కూడా అడిగి ఉండొచ్చు. "అమ్మాయ్, ఇరవై ఏడు ముప్పైకి లోపే గదా, ముప్పై అయిదు నలభైకి లోపే గదా, మరి రెండూ కలిస్తే డెబ్బై దాటుతాయా?" ఇట్టా అడిగితే 512ను పిల్ల తనే చూసి నవ్వేది. ఉజ్జాయింపు లేకుండా ఈ ఊళ్లో ఏ పనీ జరగదు. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు, కోతకు ఎంతమంది కూలీలు, పెళ్లికి ఎన్ని విస్తళ్లు, అన్నీ ఉజ్జాయింపే. నోటుబుక్కు తెరిచిన క్షణం నుంచీ మాత్రం ఉజ్జాయింపు నేరం. పిల్ల ముందు ఒకట్లు కలపాలి, తర్వాత చేతిలో ఒకటి, తర్వాత పదులు. కుడి నుంచి ఎడమకు. చదివేదీ రాసేదీ ఎడమ నుంచి కుడికి, కూడేది మాత్రం కుడి నుంచి ఎడమకు ఎందుకని అడిగితే చెవి మెలితిప్పుడు.

ఇక వేళ్ల సంగతి. పిల్ల వేళ్లు ముడవడం మొదలుపెట్టిందంటే ఇంట్లో పిడుగు పడినట్టే. "వేళ్లు ముడవకు! మనసులో చెయ్యి!" ఏడేళ్ల పిల్ల మనసులో ఏముంటుందనుకుంటున్నారు? ఆ లెక్క మనసులోకి పోవడానికి ఉన్న దారే ఆ వేళ్లు. దారి మూసేసి, ఇంకా రాలేదేమని గుమ్మంలో నిలబడి కేకలు. వసారాలో కూర్చున్న నాయనమ్మ మాత్రం బొటనవేలితో కణుపులు తడుముకుంటూ ఎవరు ఎన్నిరోజులు కోతకొచ్చారో లెక్క తేలుస్తుంటుంది. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్లకు పన్నెండు. బడి గుమ్మం తొక్కని మనిషి. ఒకరోజు ఆమె ఉండబట్టలేక నోరు తెరిచింది.

"అట్టా గాదురా అబ్బాయ్. పది చీపురుపుల్లలు కట్టగట్టి దాని చేతికియ్యి. తెలుసుద్ది."

"నీకు తెలవదులే అమ్మా. దానిది ఇంగ్లీషు మీడియం."

"అట్నా? మొన్న కోతకొచ్చినోళ్ల డబ్బులు నీకు లెక్కేసిచ్చింది ఏ మీడియంలోనయ్యా?"

నాన్న ఫోనులోకి వెళ్లిపోయాడు. ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి.

ఇంగ్లీషు మీడియం దగ్గర కాసేపు ఆగాలి. మన సర్కారు బడి పుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. నాకు తెలిసి ఇంత మంచి ఏర్పాటు తక్కువ. అయితే తెలుగు పేజీ పిల్ల కంటపడితే ఇంగ్లీషు చెడిపోతుందని దాన్ని వేలితో మూసి పట్టుకునే తల్లిదండ్రులున్నారు. ఇరవై ఏడంటే ఇరవైకి ఏడు, ముప్పై అయిదంటే ముప్పైకి అయిదు. పదులు ముందే నోట పలుకుతున్నాయి. సగం లెక్క నోటితోనే అయిపోతోంది. అది కాదని, ఆ పిల్లకు ముందు థర్టీన్ ఏదో థర్టీ ఏదో తేల్చుకునే యుద్ధం పెట్టి, అది ఓడిపోతే "లెక్కల్లో వీక్" అని తీర్పు ఇస్తున్నారు. కూడికలో పడ్డ పిల్లను కాదు, మాట దగ్గర పడ్డ పిల్లను పట్టుకొచ్చి లెక్కల బోనులో నిలబెట్టడమిది.

వీక్ అన్నాక మందు కావాలిగా. ముందు ప్రైవేటు. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా. అక్కడ ఇరవైమంది పిల్లలు చాప మీద కూర్చుంటారు, మాస్టారు కుర్చీలో కూర్చుంటాడు, చేతిలో ఒకటి ఉంటుంది. ఇంట్లో ఉచితంగా జరిగే దొంగతనమే అక్కడ ఫీజు కట్టించుకుని జరుగుతుంది. ప్రైవేటుతో కుదరకపోతే వినుకొండలోనో నరసరావుపేటలోనో అబాకస్ క్లాసు. వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి, గాల్లో వేళ్లు ఆడిస్తూ పది సంఖ్యలు గడగడా కలిపి చెప్పే పిల్లను చూసి కింద అమ్మానాన్నలు కళ్లు తుడుచుకుంటారు. అబాకస్‌ను తప్పుపట్టడం లేదు. దానిలో ఒక కడ్డీ నిండితే పక్క కడ్డీలో ఒక పూస కదులుతుంది, ఆ పూస పదికి సమానం. అది కళ్లముందే కనిపిస్తుంది. కనిపించేదాన్ని చూడనివ్వకుండా వేగం మీదే బెత్తం ఝళిపిస్తే అదీ మరో చేతిలో ఒకటే. ఆ పూసలు చేసే పని గుప్పెడు చింతగింజలూ చేస్తాయి. కాకపోతే చింతగింజలకు సర్టిఫికెట్ ఇవ్వరు, మెడల్ వెయ్యరు. దాంతో వాటికి పరపతి లేదు.

ఆ తర్వాత వేదగణితం. భారతీకృష్ణ తీర్థ స్వామి పేరుతో ఆ పుస్తకం వచ్చింది 1965లో, ఆయన పోయిన అయిదేళ్లకు. పేరులో వేదం ఉంది కాబట్టి మనం ప్రశ్నించం, ఫీజు కట్టేస్తాం. అంతటితో ఆగామా? ఒకటో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు కట్టిన బళ్లున్నాయి. ఒకట్ల గది, పదుల గది తెలియని పిల్లకు ఐఐటీ పునాది! నాలుగంకెల కూడికలు మా రెండో తరగతిలోనే అయిపోయాయని ఒక బడి, అయిదంకెలవి మా యూకేజీలోనే అని ఇంకో బడి. వేలంపాటలో ఎక్కువ పాడినవాడికి పిల్లాడు.

కాటా దగ్గర వచ్చే లెక్క ఒకటి, నోటుబుక్కులో లెక్క ఒకటి కావడం మన ఒక్క ఊరి వింత కాదు. 1985లో అచ్చయిన ఒక పరిశోధన కోసం బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో తెరెజినా నూనెస్, కరహెర్, ష్లీమన్ అనే ముగ్గురు పరిశోధకులు వీధుల్లో సరుకులమ్మే పిల్లల దగ్గరికి కొనుగోలుదారుల్లాగే పోయారు. కొబ్బరికాయ 35 క్రుజేరోలు, పది కాయలు ఎంతని అడిగారు. పన్నెండేళ్ల పిల్లాడు మూడు కాయలకు 105, ఇంకో మూడుకు 210 అని పేర్చుకుంటూ పోయి 350 అని చెప్పాడు. బజారులో ఆ పిల్లల జవాబులు నూటికి 98 సరిగ్గా ఉన్నాయి. అవే లెక్కలు కాగితమ్మీద పెట్టి, గీతలు కొట్టి ఇచ్చేసరికి నూటికి 37కు పడిపోయాయి. పిల్లలు వాళ్లే, అంకెలూ అవే. మధ్యలో కాగితం వచ్చింది.

నలభై ఏళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరిలో, నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మరికొందరితో కలిసి నేచర్ పత్రికలో అటువంటిదే రాశారు. కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లల్ని చూశారు. కూరగాయల బేరంలో చిల్లరతో సహా తేల్చేసే పిల్లలు బడి లెక్కలో తడబడ్డారు. బడి లెక్కలో గట్టి పిల్లలు బేరంలోకి దింపితే చేతులెత్తేశారు. ఒకరికి వచ్చింది ఇంకొకరికి రాదు, ఒకచోట వచ్చింది ఇంకోచోటికి రాదు. వాళ్లు ఢిల్లీ దాకా పోవాల్సిన పనే లేదు. ఈ రెండు రకాలూ శావల్యాపురంలో ఒకే గడపలో ఉన్నాయి: కాటా దగ్గర నాన్న, నోటుబుక్కు దగ్గర కూతురు. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి వేస్తున్న కొత్త రైలు మార్గం మన ఊరి దగ్గరే పాత గుంటూరు–గుంతకల్లు లైనును కలుస్తోంది. రెండు లైన్లు కలిసే చోట కాపురముండి, ఇంట్లో ఉన్న రెండు లెక్కల్ని కలపలేకపోతున్నాం.

అమెరికాలో కాన్స్టెన్స్ కమీ అనే ఆవిడ ఇంకా ఘాటుగా మాట్లాడింది. చేతిలో ఒకటి పెట్టే పద్ధతి చిన్న తరగతుల్లో మేలు చెయ్యకపోగా కీడు చేస్తుందని ఆవిడ వాదన. 7, 52, 186 మూడూ నోటితో కలపమని రెండో తరగతి పిల్లల్ని అడిగింది. ఆ పద్ధతి నేర్పకుండా పిల్లల్నే ఆలోచించుకోనిచ్చిన తరగతిలో ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. నేర్చుకున్న తరగతిలోనేమో కొందరి జవాబులు వందలు దాటి వేలకు పాకాయి. అలవాటైన గదుల్లో అంకెల్ని దోపుకుంటూ పోవడమే, ఎంతొచ్చిందని వెనక్కి చూడటం లేదు. ఆవిడ మాట మొత్తంగా ఒప్పుకోనక్కర్లేదు. గీత కింద రాసే పద్ధతి ఎప్పటికీ వద్దని నేనూ అనను. పెద్ద సంఖ్యలకు అది లేకపోతే చేతులు విరుగుతాయి. కానీ పది అంటే ఏమిటో తెలిశాక వచ్చేది పద్ధతి, తెలియకముందే వచ్చేది మంత్రం. మన ఇళ్లలో నడుస్తున్నది మంత్రాలే. దిష్టి తీసినట్టు రోజూ సాయంత్రం పిల్ల తలచుట్టూ మూడుసార్లు తిప్పేస్తున్నాం.

ఈ మంత్రం మనకు ఎవరో విదేశీయులు అంటగట్టిందని నెపం వేసే వీలూ లేదు. స్థానం మారితే విలువ పదింతలవుతుందని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి సుమారు తొమ్మిది వందల ఏళ్లయింది. ఆ పావులూరు మనకు పెద్ద దూరం కాదు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. తెలుగువాడి తొలి లెక్కల పుస్తకం రాసినవాడి ఊరి పక్కన కూర్చుని, పది ఎందుకు ఒకటైందో చెప్పలేక పిల్ల చెవి మెలిపెడుతున్నాం. తెలుగుజాతి ఘనత గురించి ఉపన్యాసమంటే మాత్రం మైకు వదలం.

సర్కారు ఊరుకుందా అంటే ఊరుకోలేదు. 2021 జూలై 5న కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. 2026–27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు చెయ్యడం వచ్చి తీరాలని గడువు పెట్టుకుంది. గడువు గుమ్మంలోకొచ్చింది. మరోవైపు ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అడుగుతోంది. అడిగేది బ్రహ్మవిద్య కాదు, రెండంకెల తీసివేత. 2024 నివేదికలో దేశమంతా కలిపి మూడో తరగతి పిల్లల్లో ఆ తీసివేత చెయ్యగలిగినవాళ్లు నూటికి 33.7. రెండేళ్ల కిందటికంటే మెరుగు అని పండగ చేసుకున్నాం. మెరుగే. మిగిలిన అరవై ఆరుమందినీ పైచిలుకునూ మాత్రం నివేదికలో ఏ మూల నిలబెట్టాలో తెలియక నాలుగో తరగతికి పంపించాం.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా సర్కారు బళ్లలో మెగా తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఆలోచన మంచిదే, కాదనను. కానీ మనం అక్కడికి పోయి ఏం అడుగుతాం? బూట్లు బిగువైనాయండీ. గుడ్డు చిన్నదొస్తోందండీ. యూనిఫాం కుట్టుకూలి ఎప్పుడు పడుద్దండీ. అన్నీ అడగాల్సినవే, గుడ్డు చిన్నదైతే అడగకుండా ఎట్టా ఊరుకుంటాం? గుడ్డు సైజు పట్టి చూసిన కన్ను ఒక్కసారి నోటుబుక్కు వైపు తిరిగి, "మాస్టారూ, మా పిల్లకు పది అంటే ఏందో తెలుసా?" అని అడిగితే ఆ మాస్టారు సంతోషంతో ఆ పూట అన్నం మానేస్తాడు. ఇంట్లో నేనేం చెయ్యనని అడిగితే రెండు పూటలు మానేస్తాడు. ఇంతవరకూ ఏ మాస్టారూ ఆకలితో ఉన్నట్టు వార్త రాలేదు.

ఇంట్లో చెయ్యడానికి ఏముంది? చాలా ఉంది, అంతా గడప లోపలే ఉంది. చీపురు తీసి, ఈనెపుల్లలు పదేసి చొప్పున రబ్బరుబ్యాండ్లు వెయ్యండి. ఇరవై ఏడంటే రెండు కట్టలు, ఏడు విడి పుల్లలు. ముప్పై అయిదంటే మూడు కట్టలు, అయిదు విడివి. కలిపితే విడివి పన్నెండయ్యాయి. ఇప్పుడు రబ్బరుబ్యాండు పిల్ల చేతికిచ్చి మీరు నోరు మూసుకోండి. ఈ ఆఖరి భాగమే కష్టం. నిమిషంసేపు నోరు మూసుకోవడానికి మనకు ఏ అకాడమీలోనూ కోచింగ్ దొరకదు. పిల్ల పదింటిని ఏరి కట్ట కడుతుంది, కట్టల వైపు జరుపుతుంది. ఆరు కట్టలు, రెండు పుల్లలు. పది ఎటూ పోలేదు, తొమ్మిదీ మాయమవలేదు. కట్టలో అన్నీ ఉన్నాయి, కావాలంటే విప్పి చూసుకోవచ్చు.

పుల్లలు నామోషీ అనుకుంటే నోట్లు పెట్టండి. పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు. పన్నెండు రూపాయి బిళ్లలుంటే పదింటిని ఇచ్చి నోటు తీసుకోమనండి. పల్నాడులో పుట్టిన ఏ పిల్లా ఆ బేరంలో తొమ్మిది రూపాయలు వదులుకోదు. ఎనిమిదీ అయిదూ దగ్గర ఆగిపోతే, అయిదులోంచి రెండు తీసి ఎనిమిదికిచ్చి పది చెయ్యమనండి, మిగిలింది మూడు. మీరు ముప్పై ఎనిమిదిని నలభైకి రెండు తక్కువని చూసిన కన్నే అది. నూరు గళ్ల పటం పెడదామంటే పెట్టండి, కానీ బజారులో దొరికే పాముల పటం పనికిరాదు. అందులో వరుసలు ఎద్దు దున్నినట్టు అటొకసారి ఇటొకసారి పోతాయి, ఇరవై ఏడు పైన ముప్పై ఏడుండదు. వరుసకు పది చొప్పున, పైనుంచి కిందికి, ప్రతి వరుసా ఎడమ నుంచే మొదలయ్యేలా మీరే కాగితమ్మీద గీయండి. అప్పుడు పది కలపడమంటే ఒక గడి కిందికి దిగడమే. మూడుసార్లు దిగితే ముప్పై.

ఇందులో ఒక చిక్కొచ్చి పడింది, ఒప్పుకోవాల్సిందే. బిళ్లలు ఇంట్లో లేవు. ఒకప్పుడు ఉప్పుకూ సబ్బుకూ పిల్లను కొట్టుకు తోలితే చిల్లర తెచ్చేది, తెచ్చింది సరిగ్గా ఉందో లేదో అమ్మ లెక్కపెట్టేది, ఒక రూపాయి తగ్గితే విచారణ జరిగేది. అది రోజువారీ లెక్కల పరీక్ష. ఇప్పుడు ఫోన్‌పే కొట్టాం, కొట్లో డబ్బా ఎంత అందిందో అరిచి చెబుతుంది, చిల్లర ప్రసక్తే లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు టికెట్టూ సున్నా అయింది. అమ్మతో కలిసి వినుకొండ పోతూ పోనూ రానూ చార్జీ కలిపే లెక్కా పోయింది. టికెట్టు తగ్గినందుకు సంతోషమే, లెక్క తగ్గినందుకు ఎవరికి అర్జీ పెట్టుకోవాలో తెలియలేదు. మిగిలింది కోటప్పకొండ తిరునాళ్లు. ఏడాదికొక్కసారి, పిల్ల చేతిలో వంద పెట్టి, బొమ్మకెంత, చెరుకుగడకెంత, ఇంకా ఎంత మిగిలిందని అడిగే ఓపిక మనకుంటే. ఆ రోజు మనం ప్రభల వైపు ఫోను ఎత్తి వీడియో తీస్తుంటాం.

ఇంత చెప్పినా నాన్న ఒప్పుకోడు. ఆయన వాదన ఆయనకుంది. "నేనూ అట్టాగే నేర్చుకున్నా. నాకేం తక్కువైంది?" ఏమీ తక్కువ కాలేదు స్వామీ. మీకు పది అంటే ఏమిటో కాటా నేర్పింది, కళ్లం నేర్పింది, మీ అమ్మ కణుపులు నేర్పాయి. బడి మంత్రం మీ వంటికి అంటలేదు, ఎందుకంటే మీ చేతికి వేరే పని ఉంది. మీ పిల్లకు ఆ పని లేదు. దాన్ని మీరు కాటా దగ్గరికి తీసుకుపోరు, కళ్లంలోకి రానివ్వరు. ఎండలో పడకుండా చదువుకోవాలని కదా మీ ఆరాటమంతా. మంచిదే. దానికి మిగిలిన కాటా ఆ నోటుబుక్కే. అక్కడ కూడా తూకం తప్పితే పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది?

ఇదంతా కూడిక కథ. తీసివేత ఇంకా మొదలుకాలేదు. దసరా సెలవులు దాటాక అదీ వస్తుంది. 52లోంచి 27 తియ్యాలి. నాన్న గొంతు సవరించుకుంటాడు.

"రెండులోంచి ఏడు పోదు. పక్కింటికి పోయి ఒకటి అప్పు తెచ్చుకో. ఇప్పుడు ఇది పన్నెండు."

మళ్లీ చదవండి. అడిగింది ఒకటి. పక్కిల్లు ఇచ్చింది పది. తిరిగి ఇవ్వడం అనే మాట ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఎరువుల కొట్లో ఖాతా తెరిచి, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి, మిరప ధర పడిపోయిన ఏడాది ఆ నోటు తిరగరాసి బతికే మండలంలో, పిల్లకు ఏడో ఏటనే నేర్పుతున్న అప్పు ఇది! నోటు లేదు, వడ్డీ లేదు, హామీదారు లేడు, పంట చేతికొచ్చాక గుమ్మం ముందు బండి ఆపి హారన్ కొట్టే మనిషీ లేడు. ఒకటడిగితే పదిచ్చే ఆ పక్కిల్లు ఏ ఊళ్లో ఉందో నాన్నకు తెలిసి కూడా ఇన్నాళ్లూ ఒక్కడే దాచుకున్నాడు. అడ్రసు చెబితే మన స్టేషన్‌లో గుంటూరు వైపు పోయేదో గుంతకల్లు వైపు పోయేదో ఏది దొరికితే ఆ రైలెక్కి, రేపు తెల్లారేసరికి మండలం మండలమంతా పాసుపుస్తకాలు పట్టుకుని ఆ ఇంటి ముందు వరుస కడతాం.